ఆంగ్లభాషాభ్యాసమున శ్రవణ భాషణములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరముల క్రిందట, పంచాయతీ వారిచ్చిన ఒక్క గదిలో, రెండు బీరువాలతోను నాలుగు బల్లలతోను ప్రారంభమైనప్పుడు నేను ప్రక్క ఊరి ఉన్నత పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడనై యుంటిని. సాయంకాలము సైకిలుపై ఇంటికి మరలుచు ఇచ్చట దిగి, పత్రిక చూచుకొని పోవుట నాకలవాటు. అట్టి నన్ను పిలిచి ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమనిన కార్యవర్గము వారికి కృతజ్ఞుడను. గ్రంథాలయ సభలో పుస్తక పఠనమును గూర్చి చెప్పక, వినుటను గూర్చియు మాటలాడుటను గూర్చియు చెప్పనేల యని మీరడుగవచ్చును. గ్రంథాలయమునకును చెవికిని గల సంబంధము పాతదియే. ఆ సంగతి చివర మనవి చేసెదను. ముందు నా కథ కొంత చెప్పుకొననిండు.

నేను విజయవాడలో పట్టపరీక్ష నిచ్చి కృతార్థుడనైన సంవత్సరమున ఒక ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు పోయితిని. షేక్స్‌పియరు నాటకమొకటి ఆమూలాగ్రము చదివి, దానిపై పదిపుటల వ్యాసము వ్రాయగలవాడను. మార్కులు కూడ మంచివే. బల్ల కావలి పెద్దమనిషి నన్ను చూచి చిరునవ్వుతో ఒక చిన్న ప్రశ్న వేసెను. నాకర్థము కాలేదు. మరల అడిగెను. మరల అర్థము కాలేదు. ఏదో ఒకటి చెప్పవలెనని “యెస్ సర్” అంటిని. అచ్చటివారందరు నవ్విరి. బయటికి వచ్చిన పిమ్మట తోటి అభ్యర్థి చెప్పగా తెలిసినది, ఆయన యడిగినది “మీ తండ్రిగారేమి చేయుదురు?” అని. ఆ వాక్యమునే కాగితముపై వ్రాసి చూపినచో ఆరవ తరగతి పిల్లవాడైనను జవాబు చెప్పును. ఆ సాయంకాలము ప్రకాశము బ్యారేజి మీద నిలిచి, చీకటి పడువరకు కృష్ణమ్మను చూచుచుంటిని. అన్ని సంవత్సరములు ఆంగ్లము చదివితిని గాని, ఆంగ్లము మాటలాడు మనిషిని సావధానముగా వినిన గంటలు నా జీవితమున పదియైనను లేవని అప్పుడు తోచినది.

ఇది నా యొక్కని కథ కాదు. మన కృష్ణాడెల్టా పల్లెలనుండి పొలము తాకట్టు పెట్టి, గేదెలనమ్మి, పిల్లలను విజయవాడ పరిసరములందలి ఇంజనీరింగు కళాశాలలకు పంపుచున్నాము. నాలుగేండ్లు చదివి, లెక్కలందును యంత్రములందును ఎవరికిని తీసిపోని పిల్లలు, ఉద్యోగమిచ్చువారి యెదుట కూర్చున్నంతనే మూగలగుచున్నారు. “మావాడికి అన్నీ తెలుసు మాస్టారూ, నోరే తెరవడు” అని తండ్రులు నా యొద్ద వాపోవుచుందురు. నేను వారికి చెప్పునది ఒక్కటే. నోరు తెరవకపోవుట నోటి దోషము కాదు. చెవి తెరవబడలేదు. చెవిలోనికి పోని మాట నోటినుండి ఎట్లు వచ్చును?

మన భాషకును ఆంగ్లమునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. తెలుగున వ్రాసినదే పలుకుదుము, పలికినదే వ్రాయుదుము. గుణింతము వచ్చిన పిల్లవాడు ఏ మాటనైనను పైకి చదువగలడు. కావున మనకు పుస్తకము చూచి భాష నేర్వవచ్చునను నమ్మకము చిన్ననాడే కుదిరినది. ఆ నమ్మకముతోనే ఆంగ్లమును పట్టితిమి. ఆంగ్లమున అక్షరమొక దారి, ధ్వని యొక దారి. వినుట యను అర్థము గల “లిసన్” అను మాటలోనే “టి” అను అక్షరము వ్రాతలో నుండి పలుకులో లేదు. కంటితో నేర్చినవాడు దానిని “లిస్టెన్” అని పలుకును. ఎవరైన “లిసన్” అనినప్పుడు అది తానెరిగిన మాటయే యని గుర్తింపలేడు.

రెండవ భేదము ఊనిక. తెలుగున ప్రతి యక్షరమునకును ఇంచుమించు సమానమైన కాలమిచ్చి పలుకుదుము. ఆంగ్లమున ఒక మాటలో ఒక భాగమును ఒత్తి పలికి, తక్కినవానిని మ్రింగివేయుదురు. “ఫోటోగ్రాఫ్” అనునప్పుడు మొదటి భాగముపై ఊనిక. “ఫొటాగ్రఫర్” అనునప్పుడు ఊనిక రెండవ భాగమునకు జరుగును. వాక్యమునందును ఇంతే. “చేయగలను” అను అర్థమున వచ్చు “కెన్” అను చిన్నమాట వాక్యమధ్యమున “కన్” అని సన్నబడిపోవును. “చేయలేను” అను అర్థము గల “కాంట్” మాత్రము స్పష్టముగా, నిడివిగా వినబడును. ఈ భేదమెరుగని చెవికి “రాగలను” అనినది “రాలేను” అని వినబడుట కద్దు. ఎంత వ్యత్యాసమో చూడుడు!

మూడవది, మన నోటి అలవాట్లు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేనిదే మనకు తృప్తి తీరదు. కావుననే బస్ మనకు బస్సయినది, బుక్ బుక్కయినది. తెలుగున మాటలాడునప్పుడు ఇది తప్పు కాదు, మన భాష యొక్క అందమే. ఆంగ్లమున మాటలాడునప్పుడు ఆ ఉకారమును విడువవలెను. మాట మొదట ఎకారము వచ్చినచో యకారమును చేర్చుట మరియొక అలవాటు. కోడిగ్రుడ్డును “యెగ్గు” అందుము. మన పట్టభద్రులు తమ పేరు చివర “యం.ఎ.” అని అచ్చు వేయించుకొనుట మీరందరు చూచినదే. ఇక ద్రాక్షసారాయికిని తీగకును ఆంగ్లమున గల పేర్లను తెలుగు లిపిలో వ్రాయబోయిన రెండును “వైన్” అనియే యగును! తొలిమాట పెదవులు గుండ్రముగా చుట్టి పలుకవలసినది, మలిమాట పైపండ్లు క్రిందిపెదవిని తాకగా పలుకవలసినది. ఆంగ్లమును తెలుగక్షరములలో వ్రాసుకొని వల్లించువారు ఈ భేదమునెన్నటికిని పట్టలేరు. ఇది కాగితము చెప్పలేని సంగతి. చెవియే చెప్పవలెను.

చెవితో చదువుకొనుట మనకు క్రొత్త కాదు. వేదమునకు శ్రుతి యని పేరు. వీధిబడిలో ఎక్కములు పుస్తకము చూచి నేర్చినవారు లేరు. ఒకడు చెప్పగా పదిమంది వల్లించినవే. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిమ్మట, అక్షరము ముక్క రాని మన తల్లులెందరో ఉదయమున భక్తిరంజని విని విని, తత్త్వములును కీర్తనలును తప్పులేకుండ నేర్చికొనిరి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి యెదుట కూర్చుండి బాలమురళీకృష్ణ విద్య నేర్చినది విజయవాడలోనే. గురువు పాడగా విని, పాడి, దిద్దించుకొని, మరల పాడుట యే ఆ విద్య యొక్క పద్ధతి. సంగీతమునకు పనికివచ్చిన ఈ మార్గము భాషకు పనికిరాదా?

భాషకును పనికివచ్చినదని చెప్పుటకు మన గిడుగు రామమూర్తి పంతులుగారే నిదర్శనము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి ఆయన సవర భాషను నేర్చెను. ఆనాడు ఆ భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. సవరలు మాటలాడగా వినుచు, తాను పలుకుచు, వారు నవ్విన చోట దిద్దుకొనుచు నేర్చెను. 1931లో ఆయన రచించిన సవర వ్యాకరణము ప్రకటింపబడినది. మన్యమున తిరుగుటవలన చలిజ్వరము తగిలి, దానికై సేవించిన క్వినైనువలన ఆయన చెవులు చెడినవి. ఒక భాషను చెవితో సంపాదించి, ఆ యత్నములోనే చెవులను ధారవోసిన మహానుభావుడాయన. మనకు దేవుడిచ్చిన చెవులు చక్కగా నున్నవి. వానితో పని చేయించుటకే బద్ధకము!

గిడుగువారి కథలోనే మరియొక ముచ్చట యున్నది. 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర తెలుగు నేర్చికొనుచు, పుస్తకములందలి తెలుగునకును జనుల నోటనున్న తెలుగునకును పొత్తు లేకుండుట చూచి విస్తుపోయెను. ఇదేమని గిడుగువారు మున్నగు పెద్దలనడిగెను. వాడుకభాషోద్యమమునకు ఆ ప్రశ్న బీజమైనది. పుస్తకములు చదివి తెలుగు నేర్చి, బజారులో తెలుగు అర్థము కాక నిలిచిన ఆ దొర అవస్థయు, నాటకము చదివి “మీ తండ్రి యేమి చేయును” అను ప్రశ్న అర్థము కాక నిలిచిన నా అవస్థయు ఒక్కటియే.

ఇంతవరకు విద్యార్థుల చెవిని గూర్చి చెప్పితిని. ఇక ఉపాధ్యాయుని చెవిని గూర్చి చెప్పవలసియున్నది. ఇది నా దోషము. ఈ సభలో ఒప్పుకొనుటకే వచ్చితిని.

ఒకనాడు నా తరగతిలోనికి ఒక పిల్లవాడు ఆలస్యముగా వచ్చెను. కారణము ఆంగ్లమున చెప్పుమంటిని. వాడు తలవంచుకొని, “యెస్టర్డే అవర్ బఫెలో ఈజ్ డై సర్” అనెను. నేను నవ్వి, “ఈజ్ డై?” అని దీర్ఘము తీసితిని. తరగతియంతయు గొల్లుమన్నది. వాడు కూర్చుండెను. పాలిచ్చు ఒక్క గేదె చచ్చిన ఇంటినుండి ఆ పిల్లవాడు బడికి వచ్చినాడని నాకు అప్పుడు తోచలేదు. క్రియాపదము తప్పినదని మాత్రము తోచినది. చెప్పవలసిన మాటను, వచ్చిన నాలుగు ముక్కలతో, వాడు నాకు తెలియునట్లే చెప్పినాడు. వినవలసినవాడను నేను వినలేదు. ఆ సంవత్సరమంతయు వాడు నా తరగతిలో మరల ఆంగ్లమున నోరు విప్పలేదు.

చాల ఏండ్లకు విజయవాడ బస్సుస్టాండులో నన్ను గుర్తుపట్టి వచ్చి నమస్కరించెను. టీ ఇప్పించెను. కోపమేమియు లేదు. “మాస్టారూ, మా అమ్మాయి బాగా చదువుతుంది. మాట్లాడమంటే మాత్రం భయపడుతుంది. దానికి మీరు కాస్త మాట్లాడటం నేర్పండి” అనెను. గేదె సంగతి వాడెత్తలేదు, నేనును ఎత్తలేకపోయితిని. ఆ బాలిక ఇప్పుడు ఆదివారము నాడు మా ఇంటి అరుగు మీదికి వచ్చుచున్నది. తోడుగా మరి అయిదుగురు వచ్చుచున్నారు. అచ్చట మేము చేయుచున్న పని యేమో చెప్పెదను. ఎవరైనను చేయవచ్చును. పెద్ద చదువు అవసరము లేదు.

మొదటిది వినుట. రెండు నిమిషములకు మించని ఒక సంభాషణను గాని వార్తను గాని సెల్‌ఫోనులో పెట్టుదుము. పుస్తకములు మూసియుండవలెను. మొదటిసారి విని, దేనిని గూర్చి చెప్పినారో మాత్రము తెలుగున చెప్పవలెను. ప్రతి మాటయు అర్థము కాలేదని దిగులు పడరాదు. హరికథలో ప్రతి సమాసమును మనకు తెలిసియే విందుమా? రెండవసారి విని, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అను ప్రశ్నలకు జవాబు వెదకవలెను. మూడవసారి వ్రాతప్రతిని ఎదుట పెట్టుకొని వినవలెను. చెవికి అందని మాట కంటికి తెలిసిన మాటయే యని అప్పుడు బయటపడును. ఆ ఆశ్చర్యములోనే చదువున్నది. ఇప్పటి ఫోనులందు వేగము తగ్గించి వినిపించు వసతి కూడ కలదు. మొదట మెల్లగా విని, క్రమముగా సహజమైన వేగమునకు రావచ్చును.

రెండవది వంత పలుకుట. బుర్రకథలో కథకుని వెనువెంటనే వంతలు అందుకొన్నట్లు, ఒక్కొక్క వాక్యము విని వెంటనే పలుకవలెను. ఊనిక యున్న చోట బల్లపై వ్రేలితో తట్టవలెను. మాటల అర్థము కంటె ముందు వాక్యము యొక్క నడక నోటికి పట్టును.

మూడవది, అవసరము కల్పించి మాటలాడించుట. ఇద్దరికిని తెలిసిన సంగతిని ఇద్దరును చెప్పుకొనుట వృథా. ఒక పిల్లకు బస్సుల వేళలు వ్రాసిన కాగితమిత్తును. రెండవ పిల్లకు ఖాళీ కాగితమిత్తును. మచిలీపట్నము బస్సు ఎన్ని గంటలకు, ఏ ప్లాటుఫారమునుండి, గుడివాడలో ఆగునా యని ఈమె అడిగి వ్రాసికొనవలెను. కాగితము చూపరాదు. అడుగక తప్పదు, వినక తప్పదు. ఇట్లే ఒకరు పొలము గట్టు, కాలువ, చింతచెట్టు, పాక ఎచ్చటెచ్చట నున్నవో చెప్పుచుండగా వేరొకరు బొమ్మ గీయవలెను. విషయము మన ఊరిదైనచో మాట త్వరగా దొరకును. లండను వాతావరణమును గూర్చి మాటలాడుమనిన మనకేమి తెలియును? కాలువకు నీరెప్పుడు వదలుదురో, నారు ఎప్పుడు పోయుదురో, ధాన్యము ధర యేమో మాటలాడుమనిన ప్రతివాడును చెప్పును.

నాలుగవది, అర్థము కానప్పుడు అడుగుట. “దయచేసి మరల చెప్పుదురా?” అను అర్థమిచ్చు వాక్యములు రెండు మూడు మొదటి దినముననే నేర్పుదును. ఆనాడు నాకు ఆ ఒక్క వాక్యము నోట నుండినచో “యెస్ సర్” అనియుండను.

ఐదవది దిద్దుట. మాటలాడుచుండగా నడుమ ఆపి దిద్దను. తప్పులను ఒక చీటీపై వ్రాసికొని, అంతయు ముగిసిన పిమ్మట, ఎవరిదో చెప్పకుండ, రెండు మూడింటిని మాత్రము అందరికిని కలిపి చెప్పుదును. ఎవరును ఎవరినిచూచి నవ్వరాదు. మా అరుగు మీద ఇదొక్కటే కట్టుబాటు.

ఇచ్చట కొందరి సందేహములకు సమాధానము చెప్పవలెను. దొరలవలె పలుకవలెనా యని యొకరు. అక్కరలేదు. వినువానికి స్పష్టముగా తెలిసిన చాలును. తెలుగువాని ఆంగ్లమున తెలుగు జాడ యుండుట అవమానము కాదు. ఆంగ్లము వచ్చిన తెలుగు పోవునేమో యని మరియొకరు. మచిలీపట్నమునుండి 1919లో “జన్మభూమి” అను ఆంగ్లవారపత్రికను నడపిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారే ఆంధ్రరాష్ట్రమునకై పాటుపడినవారిలో ముఖ్యులు. రెండు భాషలు ఒక మనిషిలో కాపురముండగలవు. అయితే తెలుగున తన మనసులోని మాటను తడబడక చెప్పలేనివాడు ఆంగ్లమున చెప్పగలుగుట అరుదు. కావున మా అరుగు మీద ఏ సంగతినైనను మొదట తెలుగున చెప్పించెదను.

బోధనాభాషను గూర్చియు మనకు వాదములు తక్కువ కాలేదు. 2019లో ప్రభుత్వ పాఠశాలలందు ఆంగ్లమాధ్యమమునకు ఉత్తరువులు వెలువడినవి. 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసినది. ఆ వాదమున నేను ప్రవేశింపను. పుస్తకము ఏ భాషలో నున్నను, పిల్లవాని చెవికి పని కల్పింపనిచో పిల్లవాడు మాటలాడడు. పదవ తరగతి పరీక్ష వ్రాతపరీక్ష. పరీక్షలో అడుగనిదానిని బడిలో నేర్పుటకు తీరిక చిక్కుట కష్టము. కావుననే ఆ పని బడి వెలుపల, పరీక్షయు మార్కులును లేని చోట, జరుగవలసియున్నది.

అట్టి చోటు గ్రంథాలయము కంటె వేరొకటి యేది? మొదట చెప్పెదనన్న సంగతికి ఇప్పుడు వచ్చితిని. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభ జరిగినది. దానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిలకమర్తివారికి చిన్ననాటినుండియు చూపు మందము. పిమ్మట అదియు పోయినది. ఇతరులు చదువగా వినియు, తాను చెప్పి వ్రాయించియు ఆయన సాహిత్యకృషి సాగించెను. చెవితో చదివిన మహనీయుడు మన గ్రంథాలయోద్యమమునకు తొలిసభాధ్యక్షుడు! 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెమునుండి పుస్తకములను పడవపై కృష్ణకాలువ వెంట ఊరూరికి పంపిరి. చదువురానివారికి పత్రికలు చదివి వినిపించుట ఆనాటి పల్లె గ్రంథాలయముల నిత్యకృత్యము. ఒకరు చదువగా పదిమంది విని, ప్రశ్నించి, తర్కించుకొనిరి. గ్రంథాలయమున మౌనము పాటింపుడను పలక గోడకెక్కినది, గాని మన గ్రంథాలయము పుట్టుకతో మూగది కాదు.

కావున కార్యవర్గము వారికి నా విన్నపమొకటి. ప్రతి ఆదివారము ఉదయము ఒక గంటసేపు, చదువుకొనువారికి అడ్డము రాకుండ వెనుక వరండాను మాకిప్పింపుడు. ఒక చాప, ఒక నల్లబల్ల, శబ్దము స్పష్టముగా వినిపించు చిన్న పెట్టె యొకటి చాలును. పట్టణమున ఉద్యోగము చేసి వచ్చిన మన ఊరి యువకులు, సెలవులకు వచ్చు విద్యార్థులు, వంతులవారీగా వచ్చి పిల్లలతో మాటలాడవలెను. చందాదారులందరు తమ ఇంటి పిల్లలను పంపవలెను. ఆడపిల్లలను ముందుగా పంపవలెను. తప్పు పలికినవారిని చూచి నవ్వువారికి మాత్రము వరండాలో ప్రవేశము లేదు. ఆ నియమమును మొదట పాటింపవలసినవాడను నేనే.

నిన్నటి ఆదివారము మా అరుగు మీద ఆ బాలిక మొదటిసారి ఎవరును అడుగకుండ తనంతట తాను మాటలాడినది. తమ ఇంట గేదె ఈనినదనియు, దూడ పెయ్య యనియు ఆంగ్లమున చెప్పినది. వాక్యమున రెండు తప్పులున్నవి. నేను చీటీపై వ్రాసికొనలేదు. దూడ ఏ రంగుదని యడిగితిని. నల్లదని చెప్పినది.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాడు, ఈ వేదికపై నిలిచి ఆ బాలిక తెలుగునను ఆంగ్లమునను తడబడక ఉపన్యసింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.